లైట్లు విప్పిన నాంపెల్లన్న

ఈ నెల మొదట్లో జగిత్యాల ఆసుపత్రిలో నాంపెల్లన్న పరమపదించాడన్న వార్త ఫోనులో విన్నప్పుడు నేను ఒక బ్యాటరీలో నీళ్లు పోస్తున్నాను. పోస్తూనే ఉన్నాను. పొంగి బల్లంతా తడిసింది. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మనిషి మొద్దుబారడమంటే ఇదేనేమో.

కోరుట్లలో ఆయనది ట్రాక్టర్ల వైరింగు దుకాణం, దాని పక్కనే నా బ్యాటరీల దుకాణం. సిరిసిల్ల నేత కుటుంబంలో జన్మించి, తెగిన పోగులు అతికించిన వేళ్లతోనే వైర్లు అతికించాడు. మితభాషి, కార్యదక్షుడు. కోపమొస్తే మాత్రం దుర్వాసుడే. సాయానికి వెళ్లి టేపు వంకరగా చుట్టానని ఒకసారి, "తమ్మీ, గిది వైరా, పుండుకు కట్టిన పట్టీయా?" అని బజారంతా వినేలా అడిగాడు.

అవి నక్సలైట్ల ఏళ్లు. లైట్లున్న ట్రాక్టరును చీకటిపడ్డాక ఇటు పోలీసులూ అడిగేవారు, అటు అడవిలోని అన్నలూ అడిగేవారు. ఎవరికిచ్చినా రెండోవారికి సంజాయిషీ చెప్పుకోవాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అందుకే కథలాపూర్, మల్లాపూర్ రైతులు పసుపు చేన్లలో తిరిగే చిన్న ట్రాక్టర్లకు లైట్లు తీయించుకునేవారు. లైట్లే లేని బండిని ఎవరడుగుతారు?

తీయడం ఎవరైనా తీస్తారు. తీసిన జాడ లేకుండా తీయడం నాంపెల్లన్న విద్య. రంధ్రాలకు రేకు బిళ్లలు బిగించి, రంగు పూసి, దానిమీద ఇంత దుమ్ము రాసేవాడు. వైర్లను మాత్రం కోసేవాడు కాదు. చివర్లకు టేపు చుట్టి లోపల దాచేవాడు.

"కోసుడు అల్కనే తమ్మీ, అరనిమిషం పని. మళ్ల మంచి దినాలస్తె గీ రైతు లైటు పెట్టుకోవద్దా?" అనేవాడు.

విప్పిన లైట్లన్నీ గోనెసంచిలో భద్రపరిచేవాడు. దేనిమీదా పేరు రాయలేదు. ఏది ఎవరిదో ఆయనకొక్కడికే తెలుసు.

ఒకనాడు పట్టపగలు జీపు వచ్చింది. దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. ఎస్సై సంచి బోర్లించి, "ఎవరివిరా ఇవి?" అన్నాడు.

"పాతయి సార్. అమ్మకానికి పెట్టిన," అన్నాడు నాంపెల్లన్న తొణక్కుండా.

ఎస్సై నావైపు తిరిగాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఒక్క చూపు చూశాడు. అంతకే నా నోరు తెరుచుకుంది.

"రైతులయి సార్. ఈయనే విప్పి దాస్తడు."

లైట్ల సంచితో సహా ఆయనను జీపులో ఎక్కించుకుపోయారు. మూడో రోజు తిరిగొచ్చాడు. ఒక్క రైతు పేరు చెప్పలేదు. కుడిచేతి వేళ్లు మాత్రం ఆ తర్వాత ఎన్నడూ సరిగా ముడుచుకోలేదు. గడపలో నిలబడ్డ నన్ను చూసి, "చాయ్ చెప్పు తమ్మీ," అన్నాడు. గ్లాసును రెండు చేతులతో పట్టుకొని తాగాడు. పోలీసులకు ఎట్లా తెలిసిందని రైతులడిగితే, "వాల్లకు తెల్వనిదుంటదా?" అని దాటవేసేవాడు.

కొన్నేళ్లకు కాలం మారింది. రైతులు కొత్త లైట్లు కొనుక్కొని వరసగా వచ్చారు. ఏ బండిలో ఏ వైరు ఎక్కడ దాచాడో ఆయనకు జ్ఞాపకమే. ఆయన చూపించేవాడు, స్క్రూలు నేను బిగించేవాణ్ణి. ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. నా టేపు వంకరపోయినా తిట్టడం మానేశాడు. ఆ మర్యాద నేను భరించలేకపోయాను.

ఆయన పోయిన పదకొండో నాడు వదినె రాజవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, గానాడు పోలీసోల్లకు ఎవలు చెప్పిండ్రో మీ అన్న సచ్చేదాంక నాకు చెప్పలే. ఎన్నోసార్లు అడిగిన. నీకన్న ఎరుకేనా?"

"ఎరుకలేదు వదినె," అన్నాను.

అటువంటి క్షమాశీలి ఈ ప్రాంతంలో మళ్లీ పుట్టడని, ఆ లోటు పూడేది కాదని రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. అది సత్యం. వదినెకు చదువు రాదు. మనవరాలు దీన్ని చదివి వినిపిస్తుంది. నాంపెల్లన్నా, నీ పాదాలకు నమస్కారం. వదినె, చెప్పింది నేనే.