సూది అక్కర్లేదన్నాను

రాజమండ్రిలో నేను స్కాన్లు చదివే డాక్టర్ని. గడ్డలోంచి సూదితో ముక్క తీయకుండా, బొమ్మ చూసే అది కేన్సరో కాదో తేల్చవచ్చని నా పరిశోధన. ఆ విషయంలో నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

నరసాపురం నుంచి లేసు అల్లే ఆవిడ ఒకరు వచ్చారు. ఊపిరితిత్తిలో రేగిపండంత మచ్చ. ముక్క తీయాలనగానే హడలిపోయారు.

"సూది తగిల్తే గడ్డ రేగి ఒళ్లంతా పాకేస్తదంటండి. మా వీధిలో ఒకావిడ అలాగే పోయిందండి."

ఆ భయం తప్పని చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడ్డాను.

కేన్సరు కణాలకి చక్కెర మీద ఆబ ఎక్కువ. కొద్దిగా రేడియోధార్మికత ఉన్న చక్కెర మందు చేతికి ఇంజెక్షన్ ఇస్తే, అవి దాన్ని లాక్కుని స్కాన్‌లో వెలుగుతాయి. అందుకే పొద్దున్నుంచీ ఏమీ తినకుండా రమ్మంటాం.

ఆవిడ స్కాన్‌లో మచ్చ వెలగలేదు. ఒంట్లో కండలన్నీ వెలిగాయి. అలా వెలగకూడదు.

"ఇంకో రోజు మళ్లీ తీద్దామా సార్?" అన్నాడు టెక్నీషియన్.

నాకు కావలసిన జవాబు అప్పటికే దొరికింది. అక్కర్లేదన్నాను. "కేన్సర్ కాదమ్మా, సూది అక్కర్లేదు, ఆర్నెల్ల తర్వాత రండి" అని ఆవిడకీ చెప్పాను. నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు.

ఆర్నెల్లకి మచ్చ నిమ్మకాయంత అయింది. కాలేయంలో, వెన్నుపూసల్లో కొత్తవి వచ్చాయి. గదికి గడియ పెట్టుకుని ఏడ్చాను. తర్వాత ఆవిణ్ణీ భర్తనీ లోపలికి పిలిచి, మొదటి స్కాన్ రోజు పొద్దున్న ఏమైనా తీసుకున్నారా అని అడిగాను.

"ఏం తిన్లేదండి. కార్తీక సోమారం కదండి, ఉపవాసమే. నిడదవోల్లో బండి మారినప్పుడు గ్లాసుడు పాలు, రెండు అరటిపళ్లు. అంతేనండి."

మా వైపు ఉపవాసానికి పాలూ పండూ లెక్కలోకి రావు. మా అమ్మ చేసిందీ అదే ఉపవాసం. ఈ నీళ్లే తాగి పెరిగిన నాకు, ఆ రోజు కండలు వెలగడం చూసి కూడా, ఆ ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు. పాలూ పళ్లూ పడ్డ ఒంట్లో మందంతా కండలే లాగేసుకున్నాయి. మచ్చకి మిగల్లేదు.

"అంటే, నేను పాలు తాగబట్టాండి?"

"కాదమ్మా. తప్పు నాది. మళ్లీ స్కాన్ తియ్యాల్సింది, సూదీ పెట్టాల్సింది. అప్పుడే దొరికేది."

ఆవిడ నా మొహంలోకి చూసి, "ఊరుకోండి బాబూ, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నారు.

బయటికి వెళ్లాక ఆవిడ భర్తతో అంటున్న మాట వినబడింది.

"పాలు తాగి నేనే పాడుచేసుకున్నానండి. నేను బాధపడతానని ఆయన మీదేసుకుంటున్నారు పాపం."

లేచి వెళ్లి ఇద్దరి ఎదుటా మళ్లీ చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఆ తర్వాత బతికిన నాలుగు నెలలూ తన్ను తానే తిట్టుకున్నారట.