పుట్టి గుండ్రంగానే ఉంది

నల్లగొండలో నేను డ్రాయింగు మాస్టరుగా చేరిన కొత్తలో పిల్లలను బొమ్మ గీయమంటే ముప్పై మంది ముప్పై కొబ్బరి చెట్లు గీశారు. వాళ్లలో కొబ్బరి చెట్టును చూసినవాళ్లు ఒక్కరూ లేరు. కిటికీ బయట తాటిచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వంక ఎవరూ చూడలేదు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, గుడిసె, కొబ్బరి చెట్టు. అర్థం తెలియకుండా అప్పజెప్పే మంత్రానికీ ఆ బొమ్మకూ నాకు తేడా కనిపించలేదు. ఆ రోజు నుంచి నా పాఠం ఒక్కటే. చూసింది గీయండి.

ఆదివారాలు నాకు ఇంకో పని ఉండేది. ఊళ్లు తిరిగి బాణామతి, చేతబడి అన్నీ బూటకమని, బాబాల మహిమలు వట్టి గారడీ అని ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. ఎనభైల చివర్లో ఒకసారి నందికొండలో, డ్యాం కాలనీలో, నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాను. సభ అయ్యాక పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె నోటుబుక్కు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా బొమ్మ. నోట్లో మంట. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"నేను కళ్లు మూసుకున్ననా?"

"మూసుకున్నరు సార్. భయపడ్డరు."

వెనక నిలబడ్డ వాళ్ల నాన్న, డ్యాం గేట్ల దగ్గర ఫిట్టర్, "సార్‌ను గట్లంటరా బేటీ" అని ఆమె తల మీద చిన్నగా తట్టాడు. నాకు మాత్రం ఆ పిల్లను వదలబుద్ధి కాలేదు.

వాళ్ల బడిలో డ్రాయింగు మాస్టరు పోస్టు ఏళ్లుగా ఖాళీ. పిల్లకేమో సర్కారు పెట్టే లోయర్ డ్రాయింగు పరీక్ష రాయాలని ఉంది. వారం వారం బస్సెక్కి నల్లగొండ రావడం అయ్యే పని కాదు. అందుకని పోస్టుకార్డు మీద పాఠం మొదలుపెట్టాం. ఆమె కార్డు మీద బొమ్మ గీసి పంపేది. నేను దాని మీద పల్చటి బటర్ పేపరు పరిచి, దిద్దుబాట్లు ఆ పేపరు మీదనే ఎర్ర పెన్సిలుతో వేసి, రెండూ కవరులో పెట్టి తిప్పి పంపేవాణ్ణి. పిల్లల గీత మీద నా గీత పడకూడదని నా పట్టుదల.

ఆమె కార్డులు అందరి కళ్లూ పడేలా వచ్చేవి కనుక మా పోస్ట్‌మ్యాన్ వాటికి తొలి విమర్శకుడు. "మేక మంచిగొచ్చింది సార్. కొమ్ములే జర పెద్దగైనయ్" అనేవాడు, సైకిలు దిగకుండానే.

"పెద్ద కొమ్ముల మేకలుండవా?"

"మా ఇంట్ల నాలుగున్నయ్. నాకు చెప్తున్నరా?"

దేవుడి మీద ఎవరితోనైనా వాదిస్తాను గానీ, మేకల మీద అతనితో వాదించలేకపోయాను.

మొదట్లో ఆమె బిందె గీస్తే మూతి పున్నమి చంద్రుడిలా వచ్చింది. పెద్ద ఉత్తరం రాశాను. మూతి గుండ్రమని నీ బుర్రకు తెలుసు. పక్కనుంచి చూసే కంటికి అది నొక్కినట్టు, సాగినట్టు కనపడుతుంది. కంటికి కనపడిందే గీయి. తర్వాత వచ్చిన బిందెలూ గిన్నెలూ గంపలూ ఒక్కటీ తప్పలేదు. ఏడాది తిరిగేసరికి పరీక్ష ఫారం కూడా పంపాను. వాళ్లు నింపి పెట్టుకున్నారు, నా సంతకం ఒక్కటే మిగిలింది.

అప్పుడు వచ్చింది ఆ కార్డు. కృష్ణలో చేపలు పట్టేవాళ్లు తిరిగే పుట్టి, వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి పడవ. అంచు పూర్తిగా గుండ్రం! లోపల ఒక చిన్న కుండ, దాని మూతీ గుండ్రమే. తెడ్డు ఉంది, తెడ్డు వేసే మనిషి లేడు. నాకు ఒళ్లు మండింది. బటర్ పేపరు మీద పెద్ద అక్షరాలతో రాశాను. "తప్పు. చూడకుండా గీశావు. కుండ కూడా తప్పే. ఈ ఏడు పరీక్ష వద్దు."

మూడు వారాలు కార్డు రాలేదు. "పోరి అలిగిందా? ఏమన్నరు సార్?" అని పోస్ట్‌మ్యాన్ నన్ను నిలదీశాడు. నాలుగో వారం ఒక కార్డు తెచ్చి, చేతికి ఇవ్వకముందే చదివి వినిపించాడు. బొమ్మ లేదు. తండ్రి ఎవరిచేతనో రాయించాడు.

"సార్‌కు సలాం. చూడకుండ గీసినవని మీరు రాసినప్పటి సంది పిల్ల పెన్సిలు ముడుతలేదు. మీరే వద్దన్నంక మేమేం చెప్తం. పరీక్ష బందు వెట్టినం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ ఆదివారం తొలి బస్సు ఎక్కాను.

వాళ్ల క్వార్టర్లో చాయ్ వచ్చింది గానీ పిల్ల తలుపు చాటు నుంచి రాలేదు. తలుపుతోనే మాట్లాడాను.

"పుట్టిని ఎక్కడ చూసినవమ్మా?"

"చూడకుండ గీసిన గద సార్."

"సార్‌తోని గదేం మాట?" అని తండ్రి కసిరాడు.

"అననియ్యి. యాడ నిలబడి గీసినవో నేను అడగలే. ఇప్పుడు అడుగుతున్న. చూపిస్తవా?"

డ్యాంకు దిగువన ఏటి మీదున్న వంతెన మీదికి తీసుకుపోయింది. నడిమికి వచ్చాక పిట్టగోడ మీద నుంచి వంగింది. తండ్రి వెనక నుంచి ఆమె చున్నీ గట్టిగా పట్టుకున్నాడు. "గీసిన దినం గూడ నేనే పట్టుకున్న సార్, చేతులు గుంజినయ్" అన్నాడు. నేనూ వంగి చూశాను. సరిగ్గా మా కింద ఒక పుట్టి పోతోంది. కంచు పళ్లెం తేలుతున్నట్టు, అంతా గుండ్రం. లోపల కుండ కదిలింది. తెడ్డు వేసింది.

"కుండ గాదు సార్. తాత తలకాయ. రుమాలు చుట్టుకున్నడు."

నవ్వొచ్చి పిట్టగోడ పట్టుకున్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్న తండ్రి కూడా నవ్వేశాడు. పిల్ల మాత్రం నవ్వలేదు, నా ముఖం వంక చూస్తూ నిలబడింది.

చూడండి, అడగండి, తర్వాతే నమ్మండి అని ఊరూరా గొంతు చించుకున్నవాణ్ణి. చూసిన పిల్లను, చూడని నేను, నల్లగొండలో కుర్చీలో కూర్చుని అబద్ధాలకోరును చేశాను. అడగను కూడా అడగలేదు. బాణామతి చేసిందని ముసలామె మీదికి పోయే జనం దగ్గర ఉండేదీ ఇదే తీరు. వాళ్లను తిట్టినంత గట్టిగా నన్ను నేను తిట్టుకున్నాను.

"తప్పు నాదే బిడ్డా. నీ బొమ్మ సరిగ్గా ఉంది."

"ఈడ చెప్తే ఎట్ల సార్? కార్డు మీద రాసి పంపుండ్రి. కవర్ల వద్దు. అందరు సదవాలె."

"రాస్త."

అప్పుడు నవ్వింది. తండ్రి అంగీ జేబులో నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు. పరీక్ష ఫారం. "బందు వెట్టినమని రాయించిన గని పారెయ్యలే సార్. మనసొప్పలే."

గడువు ఇంకా వారం ఉంది. పిట్టగోడ మీదనే సంతకం చేశాను. గాలికి ఎగిరిపోకుండా తండ్రీ కూతుళ్లు చెరో పక్క అదిమిపట్టారు.

"పరీక్షల గూడ పైనుంచి చూసి గీయొచ్చా సార్?"

"బల్ల ఎక్కనియ్యరమ్మా."

"కుర్చీ?"

"కుర్చీ గూడ ఎక్కకు" అన్నాడు తండ్రి.

పరీక్ష నల్లగొండలోనే జరిగింది. గంట కొట్టిన కాసేపటికి, గేటు దగ్గర నిలబడ్డ నా దగ్గరికి ఉరికొచ్చింది. "బకెటు పెట్టిండ్రు సార్. నా జాగ కిటికీ దిక్కు, నీడ ఎడమకు పడ్డది. నా పక్క పోరి కుడికి ఏసింది. ఎందుకే అంటే, పుస్తకంల అట్లనే ఉందట!"

"పరీక్షల మాట్లాడినవా?"

"లేదు సార్. బయటికొచ్చినంక కొట్లాడిన."