కువైట్ డబ్బా, నంద్యాల నీళ్లు

నురగ ఎంత వస్తే గుడ్డ అంత తెల్లబడుతుందనే మనుషులతో వాదించి నేనెప్పుడూ ఓడిపోలేదు. వాళ్లు ఒప్పుకోలేదంటే అది వేరే సంగతి. నురగ సబ్బు చేసే హడావిడి మాత్రమే. అసలు పని నీళ్లలో, కంటికి కనపడకుండా జరిగిపోతుంది. నంద్యాల కాలేజీలో మూడేళ్లు కెమిస్ట్రీ చదివితే సంసారానికి పనికొచ్చిన ముక్క ఇదొక్కటే. అయినా ఈ నురగ దగ్గరే ఒకసారి తల వంచాల్సి వచ్చింది. అది మాత్రం ఆ వీధి దాటి ఎవరికీ చెప్పుకోలేదు.

నా పుట్టిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. బస్సెక్కితే గంటన్నర. నీళ్లు మాత్రం వేరే లోకాలు. మా అమ్మ వాడే బావి నీళ్లు మెత్తన, సబ్బు చూపిస్తే చాలు నురగొచ్చేది. నంద్యాలలో మా అత్తగారి పెరటి బావి నాపరాళ్ల మధ్యలోంచి ఊరేది. ఆ గట్టినీళ్లు కాస్తే గిన్నె అడుగున సున్నం కట్టేది. అందులో సబ్బు అరిగేదే తప్ప నురగ పుట్టేది కాదు. అందుకే ఆ ఇంట్లో సబ్బుపొడికి కొలత పిడికిలి. బకెట్టుకు పిడికెడు పొడి పడాలి, నురగ అంచు దాటాలి. దాటకపోతే ఉతికినట్టు కాదు.

ఎనభైల మొదట్లో మా పెద్ద ఆడబిడ్డ కువైట్ నుంచి వస్తూ మూడు సబ్బుపొడి డబ్బాలు తెచ్చింది. ఒకటి ఇంగ్లాండుది, ఒకటి జర్మనీది, మూడోది కువైట్‌లోనే తయారైనది, పచ్చ డబ్బా మీద అరబ్బీ అక్షరాలు. మా అత్త వాటిని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది, వాసన పడుతుందని. నెల తిరక్కుండా నాకు పాప పుట్టింది. మనవరాలి మీద ప్రేమతో పచ్చ డబ్బా బయటికి తీసి నా చేతిలో పెట్టి, "పాప గుడ్డలకు ఇదే వాడు. ఊర్లో పొడి వద్దు" అంది.

పాప గుడ్డలు మా ఇంటి చాకలామె పెరట్లోనే ఉతికేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. పెద్ద గుడ్డలు కుందూ ఏటికి తీసుకుపోయేది గాని, పురిటింటి గుడ్డలు ఇంటి దగ్గరే. మా వీధిలో ఏ కాన్పయినా ఆ గుడ్డలు ఆమె చేతి మీదే. ఎండాకాలం, బావి అడుగంటింది. అందుకని జాడించడానికి రెండు బకెట్లే అని నేనే హద్దు పెట్టాను. పొడి కూడా నేనే పిడికిట్లో కొలిచి ఇచ్చేదాన్ని.

మొదటి వారంలోనే ఆమె అంది. "అమ్మా, ఈ పొడికి రెండు బకెట్లు ఏం సాలవు. నురగ పోయేది ల్యా."

"నురగలో ఏముంది అక్కా, గాలి. నువ్వు కెమిస్ట్రీ చదివినావా, నేను చదివినానా?"

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి గుడ్డలు పిండుకుంటూ పోయింది.

మూడో నెలలో పాపకు తొడల దగ్గర, నడుము చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి. డాక్టరు పూతమందు ఇచ్చాడు, తగ్గలేదు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే నాకు తిండి సయించలేదు. నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉందామని ఆళ్లగడ్డ వెళ్లాను. అమ్మ ఆ గుడ్డల్ని పెరట్లో రాతిబండ మీద మామూలు బట్టల సబ్బుతో ఉతికింది. ఆ బండ, విగ్రహానికి పనికిరాదని ఆ ఊరి శిల్పులు వదిలేసింది, ఒక పక్క సగం చెక్కిన పాదం కూడా ఉండేది. పది రోజులకు పాప ఒళ్లు నున్నగా అయింది. నంద్యాల తిరిగొచ్చిన నాలుగో రోజుకు దద్దుర్లు మళ్లీ లేచాయి.

మా అత్త తీర్పు చెప్పడానికి ఇంకేం కావాలి?

"ఆడ ల్యా, ఈడ ఉంది. ఆడ ఎవరు ఉతికిరి? మీయమ్మ. ఈడ ఎవరు ఉతుకుతాండారు? అది. సవుడు కలుపుతాంది మే, నాకు తెల్దా!"

చవుడంటే చాకలివాళ్లు మురికి వదలగొట్టడానికి వాడే ఉప్పుమన్ను. చాకలామె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా బిడ్డల మీద ఆన, అమ్మా! పసిగుడ్డలకు సవుడు ముట్టించే దాన్నా నేను?"

"సోమవారం నుంచి రావద్దు పో."

అది ఒక్క ఇంటితో పోయే మాట కాదు. ఎదురింట్లో కూతురు ఏడో నెల కడుపుతో పురిటికొచ్చి ఉంది. మా అత్త అరుగు మీద కూర్చుని అన్న మాట సాయంత్రానికే అక్కడికి చేరింది. పసిబిడ్డకు ఒళ్లు పొక్కించిన చెయ్యి అన్న పేరు పడితే ఆ వీధిలో ఏ పురిటింటికీ ఆమెను పిలవరు. ఆమెకు ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు.

మా అత్త ఏమన్నా కాదనడం నాకు అలవాటు, అందులో దాపరికం లేదు. "సోమవారం దాకా ఆగు అత్తా. ఏది ఏం చేస్తుందో లెక్క తేలుస్తా" అన్నాను. మామూలు సబ్బు పాపకు పడిందని నా కళ్లారా చూశాను కాబట్టి, తప్పు పాప ఒంటికి తగిలే మా పెద్ద గుడ్డలు ఉతికే ఊరి పొడిదేమో అనుకున్నాను. విదేశీ డబ్బా మీద నాకు ఇసుమంత అనుమానం లేదు.

ఆదివారం పొద్దున పెరట్లో నాలుగు సత్తు గిన్నెలు వరసగా పెట్టాను. పాత పంచె నాలుగు ముక్కలు చేసి, తలా చెంచా ఆవకాయ నూనె రాశాను. ఒక్కోదాంట్లో రెండు చెంబుల నీళ్లు, ఇంగ్లాండుది, జర్మనీది, కువైట్‌ది, మన ఊరిది తలా ఒక పిడికెడు. మా అత్త నాపరాయి మెట్టు మీద కూర్చుని వక్క కొరుకుతూ చూసింది.

కువైట్ గిన్నెలో నురగ లేచి, గిన్నె దాటి, నేల మీద పాకింది. మన పొడి గిన్నె అంచుదాకా వచ్చి ఆగింది. ఇంగ్లాండుది మధ్యస్థం. జర్మనీ గిన్నెలో నాలుగు బుడగలు లేచి కళ్లు మూసుకున్నాయి.

"ఇదేందీ, సచ్చిన పొడి!" అంది మా అత్త.

అరగంట తర్వాత పిండి చూపించాను. అన్నిటికంటే తెల్లగా ఉన్నది జర్మనీ ముక్క. డబ్బా మీద గుండ్రటి కిటికీ ఉన్న మిషన్ బొమ్మ ఉంది, మిషన్‌కు నురగ పనికిరాదని దాన్ని అలా చేశారు. నేను గెలిచాను. మా అత్త వక్క నమలడం ఆపింది. ఆ సంతోషంలోనే ఆగిపోయి ఉంటే బాగుండేది.

గోడ దగ్గర నిలబడిన చాకలామె అప్పుడు మెల్లగా అంది, "తెలుపు చూస్తివి. జాడించేది చూడవా?"

జాడించాను. జర్మనీ ముక్క రెండు నీళ్లకే తేటపడింది. మనది మూడు. ఇంగ్లాండుది నాలుగు. కువైట్ ముక్క ఐదో నీళ్లలోనూ పాలలా తెల్లగా కారుతోంది. ఆరు. ఏడో నీళ్లలో చెయ్యి పెడితే ఇంకా జారుతోంది. నా వేళ్ల సందుల్లో చురచురలాడింది.

పచ్చ డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పాను. అరబ్బీ కింద చీమ తలంత ఇంగ్లీషులో రాసి ఉంది. బకెట్టుకు ఒక చెంచా, మంచినీళ్లతో బాగా జాడించవలెను. బీయస్సీ చదివిన నేను మూడు నెలలుగా ఆ డబ్బా తెరుస్తూ మూస్తూ ఆ వాక్యం చదవలేదు. నంద్యాల నీళ్లు కదా, ఏ పొడైనా పిడికెడు పడాలనుకున్నాను. గట్టినీళ్లకు లొంగని పొడి కూడా ఉంటుందని నా పిడికిలికి తెలియదు. ఆళ్లగడ్డకు పాప వచ్చింది, నేను వచ్చాను, గుడ్డలు వచ్చాయి. డబ్బా మాత్రం రాలేదు.

పొడి నాది. పిడికిలి నాది. రెండు బకెట్ల హద్దు నాది.

నోరు మూసుకుంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. చాకలామె నా వైపే చూస్తోంది.

"అత్తా, ఆమె తప్పేం లేదు. గుడ్డల్లో మిగిలిన సబ్బు ఒంటికి అంటి పొక్కింది. ఎక్కువ వేసింది నేను, నీళ్లు తగ్గించింది నేను. ఆమె మొదట్లోనే చెప్పింది. నేనే వినలేదు."

మా అత్త నోట్లో వక్క ఉమ్మేసింది. తిట్టడంలో మాత్రం లోటు చేయలేదు. "కాలేజీకి పోయి నేర్సింది ఇదేనా మే! దానికి తెల్సినంత కూడా నీకు తెలకపాయ." మళ్లీ గొంతు తగ్గించి చాకలామెతో, "రేపు పొద్దున్నే రా" అంది.

"వస్తా. ఎదురింటోళ్లకు ఎవరు సెప్తారు?" అంది చాకలామె.

నేనే వెళ్లాను. ఆ ఇల్లాలు చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏందీ, అంత సదువుకున్నదానివి, నీదా తప్పు?"

"నాదే."

"అయితే మా పురిటికి ఆమెనే పిలుస్తాం లే. నిన్ను మాత్రం గుడ్డల కాడికి రానీయం" అంది. పక్కన కూర్చున్న ఆమె కూతురు కిసుక్కున నవ్వింది. మా ఆయన ఈ సంగతి విని వారం పాటు ఆనందించాడు.

మర్నాడు చాకలామె వచ్చీ రాగానే చెయ్యి చాచింది.

"డబ్బా ఇట్లియ్యి. ఇంగ నేనే ఏస్కుంటా."

ఒక చెంచా వేసింది. అయినా నురగ కాస్త ఎక్కువే లేచింది. ఆమె తన మూటలోంచి అరిగిపోయిన పసుపు సబ్బు బిళ్ల తీసి, తడి చేత్తో రుద్ది, ఆ నీళ్లు చిలకరించింది. చూస్తుండగానే నురగ కుంగి, చప్పబడి, నీళ్ల మీద పలచని తెట్టు మిగిలింది. ఆ నీళ్లు పారబోసి రెండుసార్లు జాడించింది. నీళ్లు దాదాపు తేటపడ్డాయి.

గట్టినీళ్లలోని సున్నం పాతకాలపు బిళ్లసబ్బుతో కలిసి నురగను చంపుతుంది. కారణం నాకు వెంటనే తట్టింది. చెబుదామని నోరు తెరిచాను కూడా.

"మూడో బకెట్టు తోడు, అమ్మా" అంది ఆమె.

తోడాను.