తెలియదన్న మనిషి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పుకోగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన నోటితో వేరే ఏదో మాట్లాడి ఊరుకున్నాను. పదేళ్లు దాటిపోయాయి. నా భార్యకు తెలియదు. మా సంఘంలో ఎవరికీ తెలియదు. ఎవరైనా వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ వెంటనే తిరగను, రెండడుగులు ముందుకు వేశాకే వెనక్కి తిరుగుతాను. తెలిసిపోయిందా? ఈ ఒక్క ప్రశ్నతోనే ఇన్నేళ్లూ బతికాను.

డెబ్బైల్లో నేను వరంగల్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. కొత్తగా పెళ్లయింది, ఒకే గది ఇల్లు, నెలల పిల్లాడు. ఆదివారాలు మా సేవా సంఘం కలిసేది. బడిలో డ్రిల్లు నేర్పే ఇన్నయ్య సారు దానికి పెద్ద. ఎండాకాలం స్టేషన్ ముందు కుండలు పెట్టి నీళ్లు పోసేవాళ్లం. జ్వరాల కాలంలో వాడవాడా తిరిగి మందులు పంచేవాళ్లం. పని అయ్యాక అందరం ఒకే పొట్లంలోంచి మిర్చి బజ్జీలు తింటూ, ఒకరినొకరు ఆట పట్టించుకుంటూ కూర్చునేవాళ్లం. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ లేదు. అది నిజం. దాన్ని పోగొట్టుకుంటానన్న భయం కూడా అంతే నిజం.

మేం చేసే పనుల్లో ఒకటి చాలామంది చేయనిది. స్టేషన్లోనో, సత్రం అరుగు మీదో పోయినవాళ్లను పోలీసులు దవాఖానలో ఉంచేవారు. కొన్ని రోజులు చూసి, మా మనిషని ఎవరూ రాకపోతే మాకు కబురు పెట్టేవారు. మేం తీసుకెళ్లి మట్టి చేసేవాళ్లం. కప్పడానికి తెల్లబట్ట తేవడం నా వంతు. మా సేటు ఎప్పుడూ కాదనలేదు.

మా ఊరు నెక్కొండ దగ్గర. లచ్చక్క మా పెద్దనాన్న కూతురు. మా అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. ఆమె భర్త కొమురయ్య బావులు తవ్వేవాడు. ఒకప్పుడు అతను గడ్డపార ఎత్తితే చూడ్డానికి పిల్లలం గుంపుగా పోయేవాళ్లం. వాళ్లకు పిల్లలు లేరు.

ఒక సాయంత్రం దుకాణం మెట్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు. బిచ్చగాడనుకున్నాను. "బామ్మర్దీ" అన్నాక గాని తెలియలేదు. గడ్డం పెరిగింది. చెంపలు లోపలికి పోయాయి. భుజాలు ఏమైపోయాయో.

"దగ్గుతే నెత్తురు పడ్తాంది. మీ అక్కకు చెప్పలే, బుగులువడ్తది. నువ్వు సంగంల ఉన్నవు గదా, జర దవాఖానల చూపియ్యి" అన్నాడు.

నేను ఒక మెట్టు కిందికి దిగాను. ఆ దిగడం అతను చూశాడా? చూసే ఉంటాడు. ఆ రోజుల్లో క్షయ రోగం పేరెత్తితే గడప తొక్కనిచ్చేవారు కాదు. నాకు కనిపించింది అతను కాదు, మా ఒక్క గది, అందులో చాపమీద పడుకున్న పిల్లాడు.

"ఇయ్యాల ఇంట్ల సుట్టాలున్నరు బావా. నువ్వు టేషన్ల పండుకో. పొద్దుగాల్నే వచ్చి నేనే తోల్కపోత. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఇంట్లో చుట్టాలెవరూ లేరు. "గట్లనే" అన్నాడు. మూలమలుపు దాటేదాకా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటూనే నడిచాడు. నా ఎదుట దగ్గకూడదని.

పొద్దున నేను పోలేదు. మరిచిపోయానని చెప్తే మీరు నమ్ముతారేమో. మరిచిపోలేదు. రిక్షాలో అతని పక్కన కూర్చోవాలి, అతని ఊపిరి నా మీద పడుతుంది, అదే ఊపిరిని నేను ఇంటికి మోసుకొస్తాను. ఇదే తిరిగింది బుర్రలో. దుకాణం తెరిచి పోదాంలే అనుకున్నాను. పెళ్లిళ్ల కాలం, గిరాకీ ఎక్కువ. ఎండ తగ్గాక పోయాను. బావ లేడు. కూలీలను అడగొచ్చు. నీళ్ల కుండల దగ్గర మా సంఘం మనిషే ఉన్నాడు, అతన్ని అడగొచ్చు. ఎవరినీ అడగలేదు. ఊరికి తిరిగి పోయుంటాడు, లేకపోతే తనే దవాఖానకు పోయుంటాడు అనుకున్నాను. నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

కొన్ని రోజుల తర్వాత యాదగిరి అన్న దుకాణానికి వచ్చాడు. అజంజాహి మిల్లులాంటి పెద్ద మిల్లు కాదు, చిన్న నేత కార్ఖానాలో పని అతనిది. సంఘంలో నాకు అందరికంటే దగ్గరివాడు. "బట్ట తీస్కోని రా. టేషన్ల దొరికిన మనిషట. ఎవ్వలు రాలే" అన్నాడు.

ఎంత బట్ట కావాలో తెలిసీ రెండుసార్లు కొలిచాను. దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. వేరే ఎవరో అయుంటారు. దినాం ఎంతమంది వస్తారు, ఎంతమంది పోతారు.

ముఖం మీది గుడ్డ తీశారు. బావే.

అక్కడున్న పోలీసు జమాదారు అలవాటు ప్రకారం అడిగాడు. "మీలో ఎవరికన్న తెల్సా?"

ఇన్నయ్య సారు మా అందరి వంక చూశాడు. తెలుసని అంటే ఏమవుతుంది? ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు చూశావు, ఎందుకొచ్చాడు అని వరసగా అడుగుతారు. స్టేషన్లో ఎందుకు పడుకున్నాడు అని అడుగుతారు. అన్నిటికీ చివర నేనుంటాను. అప్పటికింకా నేను చేసింది తప్పే, నేరం కాదు. ఒక పిరికివాడు వాయిదా వేసిన పని, అంతే. నోరు విప్పి ఏడ్చి ఉంటే సంఘంవాళ్లు నన్ను ఓదార్చేవారు, తిట్టినా వదిలేసేవారు కాదు. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు నాలుక మాత్రమే కదిలింది.

"తెల్వది" అన్నాను. అందరికంటే ముందు అన్నాను.

మట్టి చేసే చోట సారు ఎప్పుడూ ఒక మాట చెప్పేవాడు. ఆ రోజూ చెప్పాడు. "ఈయనకు ఇయ్యాల మనమే సుట్టాలం. తలా పిడికెడు ఎయ్యండ్రి." నేనూ వేశాను.

తర్వాత లచ్చక్క వచ్చింది. దుకాణం ముందు ఎండలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు, కాళ్లకు దుమ్మని.

"తమ్మీ, మీ బావ నీ దగ్గరికి వచ్చిండా?"

"రాలే అక్కా."

"దగ్గుకు మందు తెచ్చుకుంట, వరంగల్ల తమ్ముడున్నడు, చూపిస్తడు అని బయలెల్లిండు. ఇగ ఇప్పటిదాంక పత్తా లేడు. నీ దగ్గరికే అన్నడు."

"నేను సూడనే లేదక్కా."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను ఆమె కొంగు అంచు వైపు చూశాను.

"తొవ్వల ఏమన్న అయ్యిందా మరి?"

"ఏం గాదు. వస్తడు తియ్యి."

"నువ్వన్నవంటే వస్తడు" అంది. "నాకు నువ్వు గాకపోతే ఇంకెవ్వలున్నరు తమ్మీ."

ఆమె వెళ్లాక నేను బేరానికి వచ్చినవాళ్లకు ఏ రంగు చూపించానో, ఏం ధర చెప్పానో నాకు తెలియదు. చెప్పొచ్చు కదా అప్పుడైనా? బావ నా దగ్గరికి వచ్చాడని చెబితే ఎందుకు ఇంట్లో పెట్టుకోలేదంటుంది. పోయాడని చెబితే, తెలిసీ ఎందుకు తెలియదన్నావంటుంది. ఒక అబద్ధం వెనక ఇంకొకటి నిలబడి ఉంది. ఏది ముందు తీయాలో తోచలేదు. ఏదీ తీయలేదు.

సంగతి సారు చెవిన పడింది. మా మనిషి అక్క భర్త తప్పిపోయాడంటే మనందరి పనే అన్నాడు. ఆ ఆదివారం లచ్చక్క తెచ్చిన ఫొటో చేతి నుంచి చేతికి తిరిగింది. జాతరలో దిగిన ఫొటో. కోర మీసం, నిండు ముఖం. బావను మట్టి చేసిన చేతుల్లోనే ఆ ఫొటో తిరుగుతోంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అందరూ చూసి తల అడ్డంగా ఊపారు. యాదగిరి అన్న మాత్రం ఫొటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ మొఖం ఏడనో చూసినట్టే ఉన్నది" అన్నాడు.

"ఊర్లల్ల మొఖాలన్ని గట్లనే ఉంటయన్నా" అన్నాను. నవ్వాను కూడా. ఒకరిద్దరు నవ్వారు. యాదగిరి అన్న నవ్వలేదు. నా వంక ఒకసారి చూసి ఫొటో పక్కవాడికిచ్చాడు.

అతనికి తెలిసిందా? ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు అతని పక్కన కూర్చున్నానో, ఒకే పొట్లంలోంచి తిన్నానో. ప్రతిసారీ ఇవాళ అడుగుతాడనుకున్నాను. అడగలేదు. పని తగ్గి సూరత్ వెళ్లిపోయేటప్పుడు బండి మెట్టు మీద నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్న ఉంటే రాయి" అన్నాడు. పోయేవాళ్లందరూ అనే మాటే. కాని చెయ్యి వెంటనే వదల్లేదు.

సంఘం వెతికింది. మనస్ఫూర్తిగా వెతికింది. దవాఖానల్లో అడిగారు, సత్రాల్లో అడిగారు. నేను ముందు నడిచాను. పాలకుర్తి గుట్ట దగ్గర అలాంటి మనిషిని చూశామని ఎవరో అంటే, లచ్చక్కతో నేనే బస్సెక్కాను. ఎక్కడా లేడని తెలిసిన ఒక్కడినీ నేనే. గుట్ట మీద ఆమె ప్రతి ముఖాన్నీ వంగి చూసింది. గుళ్లో ముడుపు కట్టింది. దిగేటప్పుడు, "నీ రునం ఎట్ల తీర్సుకోవాలె తమ్మీ" అంది. నేను చెప్పు పట్టీ సరిచేసుకునే నెపంతో వెనక పడ్డాను.

ఊరు ఊరుకోదు. పిల్లలు లేరని వదిలేసి పోయాడన్నారు. ఇంకొకతెను కట్టుకున్నాడన్నారు. మగడిని నిలుపుకోలేని ఆడది అన్నారు. ఆ మాటలన్నీ ఆమె నాతోనే చెప్పుకునేది, ఎందుకంటే ఆమెకు నమ్మకమున్నది నా మీదే.

ఒకసారి ఊళ్లో ఒక పెద్దమనిషి ఆమెకు మారుమనువు సంబంధం తెచ్చాడు. పక్క ఊరి మనిషి, భార్య పోయింది, నెమ్మదస్తుడు. మా వాళ్లలో అది కొత్త కాదు. లచ్చక్క నా దగ్గరికి వచ్చి అడిగింది. "ఆయన బతికుండంగ నేనెట్ల జేసుకుంట? నువ్వేమంటవ్?"

ఇది చదువుతున్న మీకు కోపం వస్తుంది. రావాలి. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమెకు ఒక ఇల్లు, ఒక తోడు దొరికేవి. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే మా పిల్లాడు లోపలనుంచి "నాన్నా" అని పిలిచాడు. వీడి ముందు నేనెవరిని అవుతాను అనిపించింది.

"నీ ఇష్టం అక్కా" అన్నాను.

ఆమె చేసుకోలేదు.

బావను చంపింది నేను కాదని ఎన్నోసార్లు లెక్క తేల్చుకున్నాను. దవాఖానకు తీసుకుపోయినా బతికేవాడు కాదేమో. కావచ్చు. కాని లచ్చక్క బతుకు? దాన్ని రోగం తీసుకోలేదు. నేను తీసుకున్నాను. కొంచెం కొంచెంగా, ఆమె అడిగిన ప్రతిసారీ.

సారు పోయాక సంఘానికి నన్ను పెద్దను చేశారు. వద్దన్నాను. వినయమనుకున్నారు. ఇప్పుడు పేరు లేని శవం వస్తే, ఎవరికైనా తెలుసా అని మావాళ్లను అడగాల్సింది నేను. అడుగుతాను. గుడ్డ తీసే ముందు కళ్లు మూసుకుంటాను.

పోయిన వానాకాలం లచ్చక్క జ్వరంతో పోయింది. పత్తి చేల్లో కూలికి పోయి తడిసిందట. నేను వెళ్లేసరికి ఆడవాళ్లు ఆమెను సిద్ధం చేస్తున్నారు. ఒంటినిండా పసుపు. నొసట ఇంత పెద్ద బొట్టు. చేతులనిండా కొత్త గాజులు. పుట్టింటి చీర తేవాల్సింది తమ్ముణ్ణి నేనే కదా, తెచ్చాను. ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటూ, "అదృష్టవంతురాలు, పసుపు కుంకుమల తోటి పోతాంది" అంది. ఇంకొకామె, "ఆడెక్కడున్నడో, ఎరికన్న ఉన్నదో లేదో" అంది.

నేను అక్కడే ఉన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్తే గాజులు పగలగొట్టేవారా, చనిపోయిన మనిషికి? ఏమో. ఊరంతా నన్ను కొట్టేవారా? అంతకంటే, ఇన్నేళ్లు నన్ను నమ్మిన ఆ ముఖం ముందు ఆ మాట అనడమంటేనే భయం. ఆమె వినదు గదా. అయినా భయం.

పాడె నా భుజం మీదే లేచింది. సంఘం మనిషి కదా, ముందు నిలబెట్టారు.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. క్షమించగలిగిన ఇద్దరూ మట్టిలో ఉన్నారు, వేరువేరు చోట్ల, ఒకరి జాడ ఒకరికి తెలియకుండా. రేపు నా భార్యకు చెప్పగలనా? సూరత్‌కు ఉత్తరం రాయగలనా? తెలియదు. చెప్తానని మాటివ్వను, నా మాటకు ఎంత విలువో మీరు చూశారు.

కొమురయ్య నా దగ్గరికే వచ్చాడు. నేనే పంపేశాను. చనిపోయాడని నాకు తెలుసు, తెలిసే దాచాను. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టడానికి ఇంత రాయాల్సి వచ్చింది. వీధిలో ఎవరో నడుస్తుంటే రాయడం ఆపి విన్నాను. భయం పోలేదు. కాని ఇంతకాలం దాన్ని నేనొక్కడినే మోశాను. ఇప్పుడు మీకూ తెలుసు.