సౌండ్ ఆపేసిన టీవీలో అత్తయ్య గొంతు

దెయ్యాలంటే నాకు నమ్మకమూ లేదు, భయమూ లేదండి. టెన్త్ తప్పి ఇంట్లో ఉన్న రోజుల్లో శ్మశానం పక్క దారిలోనే కుట్టు నేర్చుకోవడానికి వెళ్లొచ్చేదాన్ని. ఏదన్నా కనపడితే పలకరించేదాన్నేమో కూడా. ఇది మాత్రం తణుకులో మా ఇంట్లోనే, అందరం కూర్చుని ఉండగా జరిగింది.

కేబుల్ వచ్చిన కొత్తలో ఒక ఇంగ్లీషు బొమ్మల సీరియల్ వచ్చేది. ఏళ్ల తరబడి నడుస్తూనే ఉండేది. బొజ్జ నాన్న, కసురుకునే అమ్మ, అల్లరి పిల్లలు, మూల కుర్చీలో ఒక ముసలమ్మ. మాకెవరికీ ఇంగ్లీషు రాదు. అందుకని సౌండ్ ఆపేసి, మాటలు మేమే చెప్పుకునేవాళ్లం. పిల్లలకి నేను, మిగతా అందరికీ అన్నయ్య. ముసలమ్మకి మాత్రం మా అత్తయ్య గొంతు పెట్టేవాడు, బోసినోటి తడబాటుతో సహా.

అత్తయ్య అంటే నాన్నకి అక్క. మావయ్య పోయినప్పటినుంచీ మా వీధిగదిలోనే ఉండేది. చెవుడు. మేం నవ్వితే ఎందుకో తెలియక తనూ నవ్వేది. అది చూసి మేం ఇంకా నవ్వేవాళ్లం.

అన్నయ్యకి పెళ్లి కుదిరింది. కొత్త జంటకి వీధిగది కావాలి. పట్టిసీమ దర్శనమని కారెక్కించి, అత్తయ్యని రాజమండ్రి వృద్ధాశ్రమంలో దింపేద్దామని అమ్మా నాన్నా దొడ్లో గుసగుసగా అనుకున్నారు. అది నేనూ అన్నయ్యా విన్నాం. అత్తయ్యకి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆ ఎపిసోడ్ వచ్చింది. బొమ్మల వాళ్లు ముసలమ్మని కారులో కూర్చోబెట్టి, పెద్ద గేటున్న బంగళాకి తీసుకెళ్తున్నారు.

"ఒరేయ్, ఇది మన కథేరా!" అని అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అన్నయ్య రెచ్చిపోయాడు. "ఎక్కక్కా, ఎక్కు! నీకు ఊరు చూపిస్తాను!" అని నాన్న గొంతుతో అని, నన్ను మోచేత్తో పొడిచాడు. "నీ డైలాగేదే?"

"మామ్మా, నీ మంచం నాకే!" అన్నాను.

తెరమీద ముసలమ్మ వెనక్కి తిరిగింది. నోరు తెరిచింది.

"నన్ను తీసుకెళ్లేది పట్టిసీమకేనా, తమ్ముడూ?"

అత్తయ్య గొంతండి. టీవీలోంచే వచ్చింది. అన్నయ్య నోటినిండా పకోడీ ఉంది. అత్తయ్య మా వెనక గ్లాసు నోటికి ఆన్చుకుని టీ తాగుతోంది. తెరమీద మ్యూట్ అన్న అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి.

నాన్న లేచి వైరు పీకేశారు. "ఎవడ్రా ఆ మాటన్నది?"



"కరెంటు పోయిందా?" అంది అత్తయ్య.

మర్నాడు కారు కొవ్వూరులో రాజమండ్రి వెళ్లే బ్రిడ్జి ఎక్కింది. పట్టిసీమకి బ్రిడ్జి దాటక్కర్లేదని మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు. అత్తయ్య కిటికీలోంచి గోదారికి దణ్ణం పెట్టుకుంది, ఏమీ అడగలేదు. పట్టిసీమ గుడి ఏటి మధ్యలో ఉంటుంది, లాంచి మీద వెళ్లాలి. ఆశ్రమం గేటు దగ్గర దిగాక నాన్న చెయ్యి పట్టుకుని, "లాంచి ఎక్కడ ఎక్కాల్రా, తమ్ముడూ?" అంది.

"వస్తుంది, కూర్చో అక్కా" అన్నారు నాన్న.

కొన్నాళ్లకి ఆ ఎపిసోడ్ మళ్లీ వేశారు. నేనొక్కదాన్నే సౌండ్ పెట్టుకుని చూశాను. కారులో ముసలమ్మ నిద్రపోతూనే ఉంటుంది. వెనక్కి తిరగదు. నోరు తెరవదు.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తనేమీ వినలేదనే అంటాడు అన్నయ్య. కానీ ఆ గొంతు వినపడిన రాత్రి అందరం భయపడి, లైటు ఆర్పకుండా ఒకే గదిలో పడుకున్నాం. వీధిగదిలో అత్తయ్య ఒక్కతే పడుకుంది.