అత్తమ్మ పంచిన మాత్ర

మా అత్తమ్మకు మీసాలు మొలిచిన ఏడాదే నా పెద్దబిడ్డ పుట్టింది. ఈ మాట చెబితే మనవలు నవ్వుతారు. నవ్వనీ. ఆ మీసాలను చూసి సంతోషపడ్డంతగా నేను ఇంకే మీసాలనూ చూసి సంతోషపడలేదు, మా ఆయనవి కూడా.

మేమప్పుడు దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉండేవాళ్లం. మామగారు గల్లీ చివర చిన్న గుడిలో పూజారి. అత్తమ్మకు గుడి కంటే గొంతు వల్ల ఎక్కువ పేరు. ఎవరింట్లో పసిబిడ్డను తొట్టెలలో వేసినా మొదటి జోల ఆమే పాడాలి. గుడి మెట్లు ఎక్కని ఇళ్లవాళ్లు కూడా వచ్చి పిలిచేవారు. సన్నటి గొంతు, వింటుంటే పెద్దవాళ్లకే నిద్ర వచ్చేది. దానికి తగ్గ గర్వమూ ఉండేది. ఇంకెవరైనా పాడుతుంటే తల పక్కకు తిప్పి తమలపాకుకు సున్నం రాసుకునేది. నేను కొత్త కోడలిగా వచ్చి, పొయ్యి దగ్గర ఏదో కూనిరాగం తీస్తే, "పాలు విరుగుతయి పిల్లా, ఊకో," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా గొంతు అట్లాంటిదే, కాదనను. కానీ అనాలా?

నేను కాపురానికి రాకముందే ఆమెకు రొమ్ములో గడ్డ లేచింది. సిగ్గుతో చాలాకాలం దాచుకుంది. చివరికి ఆపరేషన్ చేసి ఆ రొమ్ము తీసేశారు. పీడ విరగడైందనుకున్నాం. నాకు నెల తప్పిన రోజుల్లోనే ఆమెకు నడుములో నొప్పి మొదలైంది. చంకలో కొత్త గడ్డలు తేలాయి. కొన్నాళ్లకు మంచం మీంచి లేవలేకపోయింది. రాచపుండు తిరగబెట్టిందని గల్లీలో ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకున్నారు.

నాకు తల్లి లేదు. తొలికాన్పుకు పుట్టింటికి పోయే దారి లేదు. అత్తమ్మ అదే తలుచుకుని కుమిలిపోయేది. "ఊరందరి తొట్టెలలు ఊపిన. నా ఇంటి తొట్టెల ఊపకుంటనే పోతనా?" అనేది. దేవుణ్ని గానీ డాక్టర్లను గానీ ఆమె అడిగింది అదొక్కటే.

దవాఖానలో ఆమెను చూసే డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. చిన్న వయసు, నవ్వు తక్కువ. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మాకు అన్నీ విడమర్చి చెప్పింది.

"ఇది కొత్త మందమ్మా. మగవాళ్ల ఒంట్లో ఊరే రసం లాంటిదాన్ని మాత్రగా చేశారు. కొందరికి ఈ మాత్ర ఇస్తాం, కొందరికి ఎప్పటిలా నొప్పి మందులే ఇస్తాం. ఈ రెండు రకాలవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా, ఇది నిజంగా పనిచేస్తోందో లేదో తెలిసేది. ఎవరికి ఏది అన్నది చీటీ తీసి తేలుస్తాం. దీనివల్ల గొంతు బొంగురుపోవచ్చు, ముఖం మీద వెంట్రుకలు రావచ్చు. ఇష్టం లేకపోతే వద్దనండి, బలవంతం లేదు."

గొంతు అన్న మాట దగ్గర అత్తమ్మ కళ్లు మూసుకుంది.

"తొట్టెల దాక ఉంటనా బిడ్డా?" అని అడిగింది.

"చెప్పలేనమ్మా. అది తెలుసుకోవడానికే ఇదంతా."

"అయితే ఇయ్యి."

చీటీలో ఆమెకు కొత్త మాత్ర వచ్చింది. పక్క మంచం మీద బార్కస్ నుంచి వచ్చిన ఒకామె ఉండేది. అక్కా అన్నట్టు మేము ఆపా అని పిలిచేవాళ్లం. ఆమెదీ అదే జబ్బు, అదే నడుము నొప్పి. ఆమె కూడా సరేనంది కానీ, చీటీలో ఆమెకు నొప్పి మందులే వచ్చాయి.

రోజూ టిఫిన్ క్యారేజీ పట్టుకుని రిక్షాలో నేనే పోయేదాన్ని. కడుపుతో ఉన్నదానివి, అట్లాంటి చోట తిరగొద్దని చుట్టాలు లొల్లి పెట్టారు. మీరు పోతారా మరి అంటే నోళ్లు మూతపడ్డాయి. అత్తమ్మది మడి. దవాఖాన నీళ్లు కూడా ముట్టదు. ఆపా ఇంట్లో వండినదేదీ తినదు. కానీ ఆపా వాళ్లకు జాంతోట ఉంది. పండుకు మడి దోషం లేదు కదా. రోజూ ఆపా కొడుకు తెచ్చే జాంపండ్లలో మంచివి ఏరి అత్తమ్మ మంచం మీద పెట్టేది ఆపా. అత్తమ్మ కాదనేది కాదు. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పక్కింటి నుంచి ఏదన్నా గిన్నెలో వస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగిపోకూడదు, చిటికెడు చక్కెరైనా వేసి పంపాలి. మంచం పట్టిన మనిషి దగ్గర ఇవ్వడానికి ఏముందని నేను అనుకునేదాన్ని.

కొన్ని వారాలకు అత్తమ్మ నడుము నొప్పి తగ్గింది. చంకలో గడ్డలు మెత్తబడ్డాయి. ఒకరోజు నేను పోయేసరికి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. మూడు నెలలుగా కూర్చోలేని మనిషి! క్యారేజీ కింద పెట్టి అక్కడే ఏడ్చేశాను. ఆమె తిరిగి చూసి, "ఏమాయె? పప్పుచారు ఒలికిందా?" అంది. గొంతు మామగారి గొంతు కంటే లావుగా ఉంది. పై పెదవి మీద నూనూగు మీసం.

అప్పటి నుంచి రోజూ అదే గొంతుతో నా వంటకు వంకలు పెట్టేది. ఉప్పెక్కువైందనేది, పోపు మాడిందనేది. తింటూనే ఒక చెయ్యి నా కడుపు మీద వేసి, లోపల ఉన్నదానితో నా మీద చాడీలు చెప్పేది. కానీ పాట మాత్రం ఎత్తలేదు. వార్డులో ఎవరో అడిగితే, "ఆ గొంతు పోయింది," అని గోడ వైపు తిరిగింది.

ఆ మందు అందరికీ పనిచేయలేదు. అవే మాత్రలు వేసుకున్న ఎదురు మంచం ఆమె మా కళ్లముందే పోయింది. అందుకే అత్తమ్మ లేచి తిరుగుతుంటే డాక్టరమ్మ కూడా నమ్మలేనట్టు చూసేది.

ఒక పొద్దున నేను ఉండగానే డాక్టరమ్మ మంచాలన్నీ చూసుకుంటూ వచ్చింది. కొన్నాళ్లుగా మాటలు మాని సైగలతోనే సరిపెడుతున్న ఆపా, ముఖం చుట్టూ దుపట్టా గట్టిగా చుట్టుకుని పడుకుంది.

"ఎట్లా ఉంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"అచ్ఛా హై డాక్టర్‌సాబ్," అంది ఆపా.

వార్డులో అందరూ వెనక్కి తిరిగారు. ఎవరో మగాడు లోపలికొచ్చాడనుకున్నారు. డాక్టరమ్మ మెల్లగా దుపట్టా తప్పించింది. అత్తమ్మ కంటే దట్టమైన మీసం.

"మీకెవరు ఇచ్చారు ఆ మాత్రలు?"

ఆపా చూపు పక్క మంచం మీదికి పోయింది. అత్తమ్మ ఏ దాపరికం లేకుండా చెప్పింది. "నేనే ఇచ్చిన. రోజు ఆమె జాంపండ్లు తినుకుంట, ఆమె సూస్తుంటె నేనొక్కదాన్నె మింగుడెట్ల? ఎంగిలి గూడ గాదు. అడకత్తెరతోని రెండు ముక్కలు జేసి ఇచ్చిన."

అత్తమ్మ పాన్‌దాన్‌లో వక్కలు కత్తిరించే ఆ అడకత్తెరకు తెల్లగా అంటుకుని ఉంటే సున్నమనే అనుకున్నాను నేను. డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది.

"అమ్మా, ఆమెకు మాత్ర లేకుండా ఎట్లా ఉంటుందో చూడాలి కదా నేను. మీకు నిండు మాత్ర పడితే ఎట్లా ఉంటుందో చూడాలి. ఇప్పుడు నేనేం రాసుకోను?"

"ఇద్దరికి తగ్గిందని రాయి."

"అట్లా రాయకూడదు. మీరిద్దరూ ఇక లెక్కలో లేరు. ఈ మాత్రలు లెక్కలో ఉన్నవాళ్లకోసం పంపినవి. మీ ఇద్దరికీ ఆపేయాలి."

ఆ జబ్బుకు మందు పట్టకపోతే ఏమవుతుందో ఎదురు మంచం చెబుతూనే ఉంది. ఎనిమిదో నెల కడుపుతో లేచి డాక్టరమ్మకు అడ్డం నిలబడ్డాను. "లెక్క తప్పితె లెక్కను కొట్టేయుండ్రి డాక్టరమ్మా. మనిషినెందుకు కొట్టేస్తరు? లేవలేని మనుషులు ఇద్దరు లేసి కూసున్నరు. మీరు ఈ కొలువుకు వచ్చింది దీనికే గదా?"

నా గొంతు బాగుండదని చెప్పాను కదా. ఆరోజు మాత్రం అది వరండా చివరిదాకా వినబడింది. డాక్టరమ్మ లేచి పెద్దడాక్టరు గదిలోకి పోయింది. మేము ముగ్గురం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. ఆపా తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంది. అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు.

తిరిగొచ్చినప్పుడు ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను. "లెక్కలోంచి మీ ఇద్దరినీ తీసేశాం. గుణం కనబడ్డ మందు ఆపడం తప్పన్నారు. ఇద్దరికీ చెరొక నిండు మాత్ర ఇస్తాం. కానీ ఒక షరతు. ఆ అడకత్తెర ఇట్లా ఇవ్వండి."

దాన్ని తెల్లకోటు జేబులో వేసుకుని పోయింది.

"లెక్కల లేకుంటె ఏమాయె ఆపా," అంది అత్తమ్మ. "భూమ్మీద ఉన్నం గద."

కాన్పు నాటికి అత్తమ్మ ఇంటికి వచ్చేసింది. నాకు నీళ్లు పోసింది ఆమే, పథ్యం పెట్టింది ఆమే. బిడ్డను తొట్టెలలో వేసే రోజు ఇల్లంతా మనుషులు. ఆపా బుట్టనిండా జాంపండ్లతో వచ్చింది. డాక్టరమ్మ వచ్చి, జేబురుమాలులో చుట్టిన అడకత్తెరను అత్తమ్మ చేతిలో పెట్టింది. జోల పాడటానికి మాత్రం అత్తమ్మ వెనక గల్లీ నుంచి ఒకామెను పిలిపించింది. మంచి గొంతే ఆమెది. ఆమె పాట ఎత్తగానే నా బిడ్డ గుక్కపట్టింది. ఇంకో పాట ఎత్తింది. ఏడుపు ఇంకా పెరిగింది. అత్తమ్మ గోడ వైపు తిరిగి తమలపాకుకు సున్నం రాస్తోంది. రాసిన ఆకుకే మళ్లీ రాస్తోంది.

"ఏం పంతులమ్మా, బచ్చీ గట్ల ఏడుస్తుంటె సూస్తవా? నువ్వు పాడు," అంది ఆపా అత్తమ్మతో.

"ఈ గొంతుతోనా? పిల్ల జడుసుకుంటది."

నాకు కోపం ఆగలేదు. "తొట్టెల ఊపనీకె బతుకుతనంటిరి గదా అత్తమ్మా. ఊపుండ్రి మరి."

వచ్చింది. తాడు పట్టుకుంది. మొదటి మాట బావిలోంచి వచ్చినట్టు లావుగా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా బిడ్డ ఏడుపు మధ్యలోనే ఆపేసింది. తల ఇటు తిప్పి, అటు తిప్పి, ఆ గొంతు వచ్చే వైపు కళ్లు నిలిపింది. నెలల తరబడి నా కడుపులో ఉండి విన్న గొంతు కదా అది. దానికి తెలిసిన నానమ్మ గొంతు అదొక్కటే. అత్తమ్మ సన్నగొంతు ఒకటి ఉండేదని దానికేం తెలుసు?

అత్తమ్మకు అర్థమైంది. కన్నీళ్లు మీసాల్లోకి జారుతుంటే పాట ఆపకుండా పాడింది, పాతరోజుల్లోలాగే తల ఎత్తి. చరణం అయ్యాక నా వైపు చూసింది.

"ఏం నిలబడ్డవు పిల్లా? ఇప్పుడు నా గొంతు గూడ నీ అసొంటిదే. రా, అందుకో."

ఇద్దరం కలిసి పాడాం. బిడ్డ నిద్రపోయింది. లోపల పొయ్యి మీద పాలు విరగలేదు.