రాజేశం సార్ లాగి చూసిన పట్టీలు

వానకు తడిసిన సోఫా స్పాంజిని మా కోడలు, అదే మీ అమ్మ, పొద్దున బాల్కనీ గోడ మీద ఆరేసింది. కొంచెం రబ్బరు, కొంచెం చెమట కలిసినట్టుండే ఆ తడి స్పాంజి వాసన ముక్కుకు తగలగానే నాకు రాజేశం సార్ మీద మళ్లీ కోపం వచ్చింది. ఇన్నేళ్లయినా! రాసుకో సోనీ, నవ్వకుండా రాసుకో. ఆయన్ని చూడనివాళ్లు చదువుతారు కాబట్టి ముందే చెబుతున్నా, అంత విసిగించే మనిషిని నేను సూరత్‌లో ఇంకొకర్ని చూడలేదు.

నువ్వు పుట్టకముందు మాట ఇది. అప్పుడు సూరత్ అంచున అమ్రోలీలో ఒక అద్దె గదిలో ఉండేవాళ్లం. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని. ఆ గమ్ము వాసనకు రోజూ తలనొప్పి, కళ్లు మంట. అట్లాంటప్పుడు ఊరి బయట సచిన్ అనేచోట ఒక చీరల మిల్లు సేఠ్‌కు ఏం బుద్ధి పుట్టిందో, బంతిని చేత్తో పట్టుకుని ఉరుకుతూ ఒకర్నొకరు గుద్దుకునే అమెరికావాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఒకటి పెట్టాడు. మన దేశంలో ఆ ఆట అప్పుడప్పుడే మొదలవుతోంది. జీతమిచ్చి ఆడించే జట్లు మా చుట్టుపక్కల నాలుగో ఐదో ఉంటాయి, అంతే. ఆడేవాళ్లంతా మగ్గాల మీద పనిచేసే మన కరీంనగర్ వైపు వాళ్లే. నూలు చుట్టిన బీములు భుజాన మోసినవాళ్లకు మనుషుల్ని గుద్దుకోవడం ఒక లెక్కా? వాళ్లకు స్పాంజి పెట్టిన భుజాల మెత్తలు, చొక్కాలు కుట్టడానికి మిల్లులో ఒక గది ఇచ్చి నన్ను పెట్టుకున్నారు. కుర్చీ, ఫ్యాను, నెలజీతం! నా బతుకులో నాకు దొరికిన మొదటి నెలజీతం ఉద్యోగం అది. కానీ సేఠ్ మొదటిరోజే షరతు పెట్టాడు. సీజన్‌లో ఉన్న ఐదు ఆటలూ ఆడి తీరాలి. గెలిచినా ఓడినా సరే, ఒక్కటి తప్పినా జట్టు ఉండదు, కుట్టు గదీ ఉండదు.

రాజేశం సార్ ఆ జట్టుకు కోచ్. గల్ఫ్‌లో నూనె కంపెనీలో క్రేన్లకు తాళ్లు కట్టేవాడట. అక్కడి అమెరికా సూపర్‌వైజర్లు సెలవు రోజుల్లో ఆడుతుంటే చూసి, కలిసి ఆడి, నేర్చుకున్నాడు. క్రేను బరువెత్తే ముందు ప్రతి తాడునూ లాగి చూడటం ఆయన పని. ఆ పని మానేసి వచ్చినా ఆ లాగే అలవాటు మానలేదు. నేను పొద్దున్నుంచి వంగి కుట్టిన మొదటి మెత్తను రెండు చేతులా పట్టుకుని పర్రున చింపేశాడు.

"ఏంది సార్ గిది? పొద్దుగాల సంది కుట్టిన!"

"చినిగింది గదా అక్కా."

"మీరు చింపితే చినిగింది!"

"ఆడ ఎదురుంగ ఉరికొచ్చేటోడు నాకన్న మెల్లగ లాగుతడా? జర మల్ల కుట్టు."

మూడుసార్లు చింపాడు. నాలుగోది తనే తొడుక్కుని, గుడ్డ తానులు పేర్చిన గోడ మీదికి దున్నపోతులా ఉరికి గుద్దుకున్నాడు. తానులు మీద పడ్డాయి. వాటి కిందినుంచి లేచి, "గిది నడుస్తది" అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు అంటే అంతే.

ఇక ఆ సీజన్ సంగతి ఏం చెప్పను! మొదటి ఆటకు వచ్చిన జనం, బంతిని కాలితో తన్నేదెప్పుడు అని గంటసేపు అడిగి, విసుగొచ్చి వెళ్లిపోయారు. రెండో ఆటకు సున్నం గీతలు గీసి భోజనాలకు పోయివచ్చేసరికి గేదెలు వాటి మీద పడుకున్నాయి. మూడో ఆటకు భరూచ్ జట్టు పదకొండు మంది ఉండాల్సింది తొమ్మిది మందితోనే దిగింది. అవతలివాళ్లు తక్కువొస్తే ఆట మనదే అనుకుంటారా లేదా ఎవరైనా? ఈయన మనవాళ్లిద్దర్ని వాళ్లకు అరువిచ్చాడు! అందులో ఒకడు, గెలుపు గీత రెండడుగుల్లో ఉందనగా, మన కెప్టెన్ పోశన్ననే నడుం పట్టి నేలకేసి కొట్టాడు. మేం ఓడిపోయాం.

పోశన్న నోట్లో మట్టి ఉమ్ముతూ వచ్చాడు. "సార్, మనోడే నన్ను పడగొట్టిండు!"

"మంచిగ పడగొట్టిండు. గట్లనే ఆడాలె."

"గాడు ఎవని దిక్కు సార్?"

"ఇయాల ఆళ్ల దిక్కు. మాటిచ్చినం గదా."

ఈ మనిషితో ఎవరైనా ఏం వాదిస్తారు?

నాలుగు ఆటలు ఎట్లాగో అయ్యాయి. ఐదోది కిమ్ అనే ఊళ్లో. మా హెల్మెట్లన్నీ ఎవరో వాడి పారేసినవి. గడ్డం కింద కట్టే పట్టీలు కుళ్లిపోయాయి. సార్ నాకు కొత్త నీలం పట్టీ చుట్ట, లావుపాటి నల్ల నైలాన్ దారం తెచ్చిచ్చి, "గీ దారంతోనే కుట్టు అక్కా" అని చెప్పి మైదానం పనిమీద కిమ్ పోయాడు. నీలం మీద నల్లదారం నాకు చూడబుద్ధి కాలేదు. ఎన్నేళ్లుగా చీరలు పట్టిన చేతులమ్మా! గుడ్డ రంగులో దారం కలిసిపోవాలి, కుట్టు కనిపించకూడదు, నాకు తెలిసింది అదే. చీర ఫాల్ కుట్టే నీలం మెరుపు దారం తీసి, పద్నాలుగు పట్టీలూ ముచ్చటగా కుట్టాను. అంత అందంగా నేను ఏదీ కుట్టలేదు.

ఆదివారం పొద్దున కిమ్‌లో అవతలి జట్టు మైదానంలోకి దిగింది. జనం ఈలలు వేస్తున్నారు. మన సార్ వరసగా నిలబడ్డవాళ్ల ముందు నడుస్తూ ఒక్కో పట్టీనీ లాగాడు. మొదటిది టప్పున తెగింది. రెండోదీ తెగింది. పద్నాలుగింట్లో తొమ్మిది తెగాయి. నేను సూది పట్టుకుని ఉరికాను.

"రెండు వరసలు ఏస్త సార్, జర ఆగండి!"

"ఏ దారంతోని?"

నా సంచిలో ఉన్నది నీలం దారమే. ఆదివారం కాబట్టి దుకాణాలన్నీ మూసున్నాయి. పోశన్న ముందుకొచ్చాడు. "పట్టీ లేకున్నా నెత్తి మీద నిలుస్తది సార్. ఆడుతం."

"తలకాయ నీది పోశన్నా. పంపేటోణ్ని నేను. పంప."

నాకు సిగ్గు పోయింది. అందరి ముందూ ఏడ్చేశాను. "సార్, నా గది పోతది. పది నిమిషాలు ఆడిపియ్యండి, ఆడినట్టే గదా!"

"తెలుసక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటే. వెళ్లి అవతలి కోచ్‌తో చెయ్యి కలిపి, ఆట వదిలేస్తున్నామని చెప్పి వచ్చాడు.

మర్నాడు సేఠ్ ముందు ఇద్దరం నిలబడ్డాం. ఆ పట్టీలు ఎవరు కుట్టారని సేఠ్ హిందీలో అరిచాడు. రాజేశం సార్ నావైపు చూడనైనా చూడలేదు. "చూడటం నా పని సేఠ్. ముందే చూడాల్సింది, చూడలేదు" అన్నాడు, అదే హిందీలో. ఆ రోజే జట్టు పోయింది. ఆయన హజీరా ఓడరేవులో క్రేన్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను మళ్లీ గమ్ము, రాళ్లు. రెండు వరసలు వేసి ఉంటే ఆ పట్టీలు ఆ ఒక్క పూటకు తట్టుకునేవో లేదో ఎవరికీ తెలియదు. అదే నన్ను తినేది. ఏమీ జరిగేది కాదేమో కదా అని నెలల తరబడి ఆయన్ని తిట్టుకున్నాను.

ఏడాది తర్వాత బస్టాండులో ఎదురయ్యాడు. ఊరుకోలేక అడిగేశాను. "ఆ దినం సేఠ్‌కు నా పేరెందుకు చెప్పలే సార్?"

ఆయన బస్సు వచ్చేవైపు చూస్తూ, "నల్లది మంచిగ కనవడదనే గదా అక్కా నువ్వు ఏసింది? నీలిది సక్కగనే ఉండె" అని, వచ్చిన బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు.

చూశావా ఎంత మొండి మనిషో! ఆ రోజు నలుగురిలో నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే, నేనూ నాలుగు మాటలు అని, ఏడ్చి, ఇంటికొచ్చి మర్చిపోయేదాన్ని. తిట్టలేదు. ఆ పని నాకు వదిలేసి పోయాడు. ఇన్నేళ్లుగా నేనే చేసుకుంటున్నాను, ఇంకా అయిపోలేదు.